కొత్త సట్టి: తిరుపతి, చిత్తూరు దారుల్లో ఆరు రోజులు

మొదటి రోజు, గురువారం

విజయవాడలో ఉదయం ఎక్కిన రైలు తిరుపతి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. నాతో వచ్చింది మా పెద్దమ్మ. ఆమెకు 74 ఏళ్లు. పుట్టుక నుంచి శాకాహారి కావడమే కాక, మాంసం ఉడికిన గిన్నెలో వండినదీ, మాంసం తిప్పిన గరిటెతో వడ్డించినదీ, మాంసం వేగిన నూనెలో వేయించినదీ ఏదైనా సరే నోట పెట్టని మనిషి. ఇంట్లో ఉన్నంత కాలం ఈ పట్టింపు ఎవరి కంటా పడదు, అక్కడ దానికి పరీక్ష లేదు కనుక. పొరుగూరిలో ఆకలి వేసినప్పుడే అది ఎంత లోతైనదో తెలుస్తుంది. వేంకటేశ్వరుని దర్శనం, శ్రీకాళహస్తి, చిత్తూరు దగ్గర నేను చదువుకునే రోజుల నాటి స్నేహితురాలి పల్లె, కాణిపాకం, ఇవీ మేము అనుకున్న మజిలీలు. అయితే ఈ ఆరు రోజులూ మా ప్రయాణాన్ని నడిపించినది ప్రతి పూటా వచ్చిన ఒకే ప్రశ్న: ఇది దేనితో పాటు వండారు?

సాయంత్రం బస పక్కనే ఉన్న భోజనశాలకు వెళ్లాము. బోర్డు మీద శాకాహారం, మాంసాహారం రెండూ రాసి ఉన్నాయి. దోసె చెప్పబోతుంటే పెద్దమ్మ నన్ను ఆపి, వడ్డించే అబ్బాయిని నెమ్మదిగా అడిగింది. "బాబూ, ఈ దోసె వేసే పెనం మీదనే ఆమ్లెట్టు కూడా వేస్తారా?" ఆ అబ్బాయి ఒక్క క్షణం తటపటాయించి, "ఒకటే పెనమమ్మా, తుడిచి వేస్తాము" అన్నాడు. పెద్దమ్మ అతని భుజం తట్టి, నిజం చెప్పినందుకు సంతోషమని చెప్పి లేచింది. రెండు వీధుల అవతల పూర్తి శాకాహార భోజనశాల దొరికింది కానీ, అప్పటికి ఆమె చాలా అలసిపోయింది. ఇడ్లీ, మజ్జిగతో ఆ పూట గడిచింది.

రాత్రి నిద్ర పట్టక నేను ఈ పట్టింపులోని మెట్లను గురించి ఆలోచిస్తూ ఉండిపోయాను. శాకాహారులమని చెప్పుకొనే వారిలో ముక్క పక్కకు నెట్టి పులుసు కలుపుకునేవారిని నేను చూశాను. పులుసు ముట్టరు కానీ అదే నూనెలో వేగిన బజ్జీ తినేవారు ఇంకొందరు. నూనె వేరైతే చాలు, బాణలి ఒకటే అయినా కడిగారు కదా అనుకునేవారు మరికొందరు. ఆ పైన మా పెద్దమ్మ వంటివారు. ఆమె కంటే పైమెట్టు మా అమ్మమ్మది. మడి కట్టుకుని, తడిబట్టతో, తాను స్వయంగా వండినది తప్ప ముట్టేది కాదు. చూసేవారికి ఇదంతా చాదస్తంగా తోచవచ్చు. కానీ ఇందులో కొంత వంటింటి అనుభవం కూడా ఉంది. కొవ్వు నూనెలో కరిగిపోతుంది. వేగేటప్పుడు పుట్టే వాసనలు, రుచులు నూనెను పట్టుకుని ఉండిపోతాయి, వడకట్టినా పోవు. ఎముక ఉడికిన నీటిలోకి దాని సారమంతా దిగుతుంది. మట్టిపాత్ర అయితే సన్నని రంధ్రాల గుండా నూనెను, పులుసును తనలోకి పీల్చుకుంటుంది. అందుకే మన పెద్దలు ఇత్తడినీ రాగినీ చింతపండుతో, బూడిదతో తోమి శుద్ధి చేసుకుని, మైలపడిన మట్టికుండను మాత్రం పారవేసేవారు. ముక్క కనిపించకపోవడం వేరు, మాంసం లేకపోవడం వేరు. పెద్దమ్మ పట్టింపంతా ఆ తేడా మీదనే నిలిచి ఉంది.

రెండవ రోజు, శుక్రవారం

అలిపిరి తనిఖీ కేంద్రంలో మా సంచులు యంత్రంలోంచి వెళ్లాయి. మాంసం, మద్యం, పొగాకు కొండ మీదికి పోకూడదని ఇక్కడే వాహనాలనూ సామానునూ వెతుకుతారు. మన రాష్ట్రంలో ఇంత పెద్ద జనసమూహం తిరిగే ఊరు ఏదీ ఇలా పూర్తిగా శాకాహారంతో నడవడం నేను చూడలేదు. తిరుమలలో దిగగానే పెద్దమ్మ ముఖంలో వచ్చిన మార్పు దర్శనానికి ముందే నాకు కనిపించింది. ఆమె ఎవరినీ ఏమీ అడగవలసిన అవసరం లేదు. టీ కొట్టులోనైనా, అల్పాహారశాలలోనైనా, ఎవరి చేతి నుంచైనా నిశ్చింతగా తీసుకోవచ్చు. ప్రశ్న అడగకుండా తినగలగడం ఎంత పెద్ద విశ్రాంతో ఆ రోజు ఆమెను చూసి తెలుసుకున్నాను.

మధ్యాహ్నం మాతృశ్రీ తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద కేంద్రంలో భోజనం చేశాము. 1985లో మొదలైన నిత్యాన్నదానం 2011 నుంచి ఈ పెద్ద భవనంలో నడుస్తున్నది. తరిగొండ వెంగమాంబ 18వ శతాబ్దపు కవయిత్రి, ఈ చిత్తూరు సీమ ఆడపడుచు. ఆమె పేరు పెట్టిన చోట ఆకులో చక్కెర పొంగలి, అన్నం, కూర, సాంబారు, రసం, మజ్జిగ వరుసగా వచ్చాయి. వంటలో ఉల్లి, వెల్లుల్లి లేవు. మా వరుసలో ఒక పక్కన తమిళ కుటుంబం, మరొక పక్కన పల్లె నుంచి వచ్చిన రైతులు కూర్చున్నారు. వారిలో చాలామంది ఇంటికి వెళ్లాక మాంసం తినేవారే అయి ఉంటారు. అయినా ఆ పూట అందరి ఆకులోనూ ఒకే అన్నం. మా పెద్దమ్మ ఇంతమంది మధ్య కూర్చుని, వండినవారెవరో తెలియకుండా, కడుపారా తిన్నది ఈ ఒక్కచోటనే.

లడ్డూ చేతిలోకి తీసుకున్నప్పుడు మాత్రం ఆమె కాసేపు కళ్లు మూసుకుంది. ఎందుకో నేను అడగలేదు. 2024 సెప్టెంబరులో లడ్డూకు వాడిన నెయ్యిలో జంతువుల కొవ్వు కలిసిందన్న ఆరోపణలు వచ్చిన వారంలో ఆమె సరిగ్గా నిద్రపోలేదు. అక్టోబరులో సుప్రీంకోర్టు ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని వేసింది. ఆ వివాదంలో ఎవరి మాట ఎంత అన్నది ఇక్కడ నా విషయం కాదు. జీవితమంతా గరిటెను, పెనాన్ని, నూనెను అడిగి తెలుసుకుంటూ వచ్చిన మనిషికి, అడగనవసరం లేదని నమ్మిన ఒకే ఒక్క చోట అనుమానం పుట్టడం ఎంత బాధ కలిగించిందో నేను పక్కనుండి చూశాను. ఆ రోజుల్లో ఆమె అన్నమాట ఒకటే: "దేవుడికి తెలియదా ఏమిటి? నాకే తెలియకపోయింది."

మూడవ రోజు, శనివారం

ఇది పెరటాసి నెల మూడో శనివారం. సెప్టెంబరు నడుమ నుంచి అక్టోబరు నడుమ వరకు సాగే ఈ తమిళ సౌరమాసం చిత్తూరు సీమలో తెలుగువారికీ ముఖ్యమైనదే. ఈ నెలంతా, కనీసం శనివారాలైనా, మాంసం ముట్టని ఇళ్లు ఇక్కడ వేలకు వేలు. మా కారు నడిపిన డ్రైవరు తమ్ముడు రోజూ మాంసం ఉంటే తప్ప ముద్ద దిగని కుటుంబంలోనివాడినని తానే చెప్పాడు. పెరటాసి మొదలయ్యే ముందు రోజు వాళ్లమ్మ ఇల్లంతా కడిగి, పొయ్యి అలికి, కూర వండే సట్టెలను, అది తిప్పే గరిటెలను గోనెసంచిలో కట్టి అటక మీదికి ఎక్కిస్తుందట. కూర అంటే వీరి వాడుకలో మాంసమే. నెల పూర్తయ్యేదాకా ఆ సంచి దిగదు. శనివారం గోవిందునికి తళిగ, అంటే నైవేద్యం, వేసి, పిండి దీపం వెలిగించాకే వారి ఇంట్లో భోజనం.

పెద్దమ్మ అతని మాటలను చాలా శ్రద్ధగా వింది. "గిన్నెలు తోమితే చాలదా నాయనా, అటకెక్కించడం ఎందుకు?" అని కావాలనే అడిగింది. "చాలదమ్మా, వాసన పట్టేసుంటుంది కదా. మా జేజి కాలం నుంచీ ఇట్లానే" అన్నాడతను. తన నియమం తన కులానికి, తన ఇంటికి మాత్రమే సంబంధించినదని ఇన్నేళ్లూ అనుకున్న ఆమెకు, మాంసం తినే ఇంటిలోనే ఆ లెక్క ఇంత ఖచ్చితంగా ఉండటం కొత్తగా తోచింది. నాకు మాత్రం అది కొత్త కాదు, ఎందుకు కాదో సోమవారం సంగతిలో చెబుతాను.

2014లో జరిగిన నమూనా నమోదు సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 15 ఏళ్లు దాటినవారిలో నూటికి 98 మంది మాంసాహారులని తేలింది. అంటే ఇక్కడ శాకాహారి ఇల్లు దాటి తినే ప్రతి ముద్దా దాదాపు మాంసం తినేవారి చేతి మీదుగానే రావాలి. వారి నిజాయితీ మీద తప్ప మన నియమానికి వేరే ఆధారం లేదు. ఈ మాటను శాకాహారులు తగినంతగా గుర్తుపెట్టుకోరన్నది నా అభిప్రాయం.

సాయంత్రం తాతయ్యగుంట గంగమ్మ గుడికి వెళ్లాము. మే నెల జాతరలో వేషాలు, మొక్కులు, బలులు, వేటమాంసంతో విందులు జరిగే తల్లి ఆమె. గంగమ్మను వేంకటేశ్వరుని చెల్లెలిగా తిరుపతి నమ్ముతుంది. జాతర సమయంలో కొండ మీది దేవస్థానం నుంచి ఆమెకు పట్టుచీర, పసుపు, కుంకుమ సారెగా వస్తాయి. అన్న ఇంట్లో ఉల్లిపాయ కూడా లేదు, చెల్లెలి జాతరలో వేటలు తెగుతాయి. అయినా సారె ఆగదు, బంధుత్వం తెగదు. గుడిలో నిలబడి పెద్దమ్మ ఆ తల్లికి కుంకుమ సమర్పించింది. ఆమె ఇంతకుముందు ఎప్పుడూ గంగమ్మ గుడి మెట్టు ఎక్కలేదు.

బసకు తిరిగి వస్తూ మిఠాయిలు కొన్నాము. వెండిరేకు అద్దిన బర్ఫీని పెద్దమ్మ పక్కన పెట్టించింది. రేకును పూర్వం పశువుల పేగుల పొరల మధ్య ఉంచి సుత్తితో సాగగొట్టేవారని ఆమెకు తెలుసు. జంతు సంబంధమైన వస్తువును ఆ తయారీలో ఏ దశలోనూ వాడరాదని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2016లో నిబంధన తెచ్చిందని చెప్పినా ఆమె ఒప్పుకోలేదు. పొట్లం మీది ఆకుపచ్చ చుక్కను మాత్రం నమ్ముతుంది. ఆ నమ్మకమే ఒక చోట నన్ను ఇబ్బంది పెట్టింది. రాత్రి ఆమె వేసుకునే గొట్టం మందు మీద ఏ చుక్కా ఉండదు. ఆ గొట్టం జిలాటిన్‌తో చేసినది. జిలాటిన్‌ను పశువుల ఎముకల నుంచి, చర్మాల నుంచి తీస్తారు. ఈ సంగతి నాకు తెలిసి చాలా కాలమైంది. చెబితే మందు మానేస్తుందని భయపడి దాచాను. ఆ రాత్రి చెప్పేశాను. ఆమె కోపగించుకోలేదు. "మందుకు దోషం లేదంటారు పెద్దలు. అయినా డాక్టరుగారిని అడుగుదాం, బిళ్లగా దొరుకుతుందేమో" అని, ఆ పూటకు నీళ్లతో మింగింది. మొక్కల పీచు పదార్థంతో చేసిన గొట్టాలు కూడా ఉంటాయని చెప్పాక స్థిమితపడింది. దాచి నేను ఆమెకు మేలు చేశానని అనుకున్నది పొరపాటే.

నాలుగవ రోజు, ఆదివారం

తిరుపతి నుంచి శ్రీకాళహస్తికి గంట ప్రయాణం. వాయులింగ దర్శనం అయ్యాక, స్వర్ణముఖి వైపు చూస్తూ కన్నప్ప కొండ మెట్ల దగ్గర కూర్చున్నాము. పెద్దమ్మ మోకాళ్లు ఎక్కనివ్వలేదు.

ఈ విషయం మీద రాసేవారెవరూ ఇక్కడ ఆగకుండా పోలేరు. తిన్నడు బోయవాడు. వేటాడిన మాంసాన్ని కాల్చి, ఏ ముక్క రుచిగా ఉందో తానే కొరికి చూసి, మంచివి ఏరి ఆకుదొన్నెలో పెట్టి, పుక్కిట నీళ్లు తెచ్చి శివునికి అభిషేకం చేసి, తలలో తురుముకున్న పూలు అర్పించాడు. శాస్త్రం ప్రకారం పూజించే అర్చకుడు తెల్లవారి వచ్చి, గుడిలో ఎముకలు, మాంసం ముక్కలు చూసి తల్లడిల్లి, అంతా కడిగి, శుద్ధి చేసి, మళ్లీ పూజ చేసుకున్నాడు. మరునాడు మళ్లీ అదే. చివరకు స్వామి కంట నెత్తురు కారినప్పుడు తిన్నడు తన కన్ను పెకలించి అమర్చాడు. రెండో కన్ను కూడా ఇవ్వబోతూ, గుర్తు కోసం లింగం మీద కాలు ఆనించాడు. ఈ క్షేత్రాన్ని కొలిచిన ధూర్జటి ఆ కథను తెలుగులో చెప్పి, దాన్ని మన ఇళ్లలోకి తెచ్చాడు.

చిన్నప్పుడు ఈ కథ విన్నప్పుడల్లా నా మనసు తిన్నడి వైపే ఉండేది. ఈసారి ఆ అర్చకుడి గురించి ఆలోచించాను. అతను దుష్టుడు కాడు. గుడి కడుగుతున్నప్పుడు అతని చేతులు వణికి ఉంటాయి. అతని బాధ నిజమైనది, అతని నియమమూ భక్తిలోంచి వచ్చినదే. శివుడు అతన్ని శిక్షించలేదు. చాటున నిలబెట్టి, మరొకడి ప్రేమ ఎంతటిదో చూపించాడు. పెద్దమ్మతో ఈ మాట అన్నాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "కడగడం తప్పు కాదే అమ్మాయీ. తెచ్చినవాడిని తిట్టుకున్నాడు చూడు, అదీ తప్పు" అంది.

భోజనానికి వెతుకుతుంటే గుడి వీధుల్లో తమిళ యాత్రికుల కోసం రాసిన బోర్డులు కనిపించాయి. తమిళంలో శాకాహారాన్ని సైవం అంటారు. శైవుల ఆహారమని దాని అర్థం. సరిహద్దు మండలాల్లో తెలుగువారి నోటా ఆ మాట వినిపిస్తుంది. మాంసం నైవేద్యంగా అందుకున్న శివుని ఊరిలో, ఆ శివుని పేరే మాంసం లేని భోజనానికి పేరైంది. రెండింటినీ ఈ నేల కాదనలేదు.

ఐదవ రోజు, సోమవారం

చంద్రగిరి దాటి చిత్తూరు వైపు వెళుతున్నాము. పెద్దమ్మ తెల్లవారుజామునే శాకాహార భోజనశాల నుంచి పులిహోర, పెరుగన్నం కట్టించి సంచిలో పెట్టుకుంది. స్నేహితురాలి ఇంట్లో కూర్చుంటాను, మాట్లాడతాను, మజ్జిగ తాగుతాను, భోజనం మాత్రం నా సంచిలోదే అని ముందే చెప్పింది. నేను ఒప్పుకున్నాను.

దారిలో టీ కోసం ఆగిన హోటల్లో పొగలు కక్కుతున్న పెద్ద దేగిసా కనిపించింది. ఆకలిగా ఉన్న మా డ్రైవరు తమ్ముడు పెరటాసి కనుక ఏముందని అడిగితే, అక్కడి కుర్రవాడు, "కుష్కా ఉందన్నా, ముక్కలు రావు" అన్నాడు. అతను తల అడ్డంగా ఊపి, టీ మాత్రం చాలన్నాడు. ఆ ఒక్క మాట వినగానే ఇరవై ఏళ్ల పాటు నేను మోసిన బరువు గొంతులోకి వచ్చింది. కారు ఎక్కాక పెద్దమ్మకు అంతా చెప్పాను.

నేను తిరుపతిలో చదువుకునే రోజుల్లో మా వసతి గృహానికి దగ్గరలో ఒక చిన్న హోటలు ఉండేది. అక్కడ తక్కువ ధరకు కుష్కా దొరికేది. మసాలా వాసనతో, పుదీనాతో, మెతుకు మెతుకు విడిగా ఉండే అన్నం. మా కోస్తాలో నేను ఆ పేరు వినలేదు. ముక్క లేదు కనుక కూరగాయల పలావు వంటిదనుకుని, వారానికి రెండు మూడు సార్లు దాదాపు ఏడాది పాటు తిన్నాను. ఒకనాడు నా గదిలోనే ఉండే చిత్తూరు అమ్మాయి నాతో వచ్చింది. ఆమె మాంసం తింటుంది. నా ఆకు ముందు పెట్టిన కుష్కాను చూసి, నా చేయి పట్టుకుని ఆపింది. "నువ్వు ఇది తినకూడదు. ఇది వేరే అన్నం కాదు. బిరియానీ దేగిసాలో మాంసంతో పాటు ఉడికిన అన్నమే, ముక్కలు లేకుండా తీసి పెడతారు" అని చెప్పింది. అందరూ అలా చేస్తారని కాదు, కొన్నిచోట్ల కుష్కాను విడిగానే వండుతారు. కానీ ఆ హోటల్లో అది దేగిసాలోదే. ఎవరూ నన్ను మోసం చేయలేదు, ముక్కలు ఉన్నాయా అని మాత్రమే నేను అడిగాను, లేవని వారు చెప్పారు. అడగవలసిన ప్రశ్న అది కాదని నాకు తెలియలేదు. ఆ రాత్రి నేను ఏడుస్తుంటే ఆ అమ్మాయి నా పక్కనే కూర్చుంది. నవ్వలేదు, ఇంతలో ఏమైందని తేలిక చేయలేదు. తాను తినేదాన్ని నేను తిన్నందుకు నేను ఏడుస్తున్నానని చిన్నబుచ్చుకోనూ లేదు. ఆ రోజు నుంచి చదువు ముగిసేదాకా నేను బయట తినే ప్రతిదానికీ ఆమే ముందు వెళ్లి, బాణలి ఏదో, నూనె ఏదో అడిగి వచ్చేది.

పెద్దమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ విన్నది. మామిడి తోటలు వెనక్కి పోతున్నాయి. చాలా దూరం వెళ్లాక అడిగింది.

"ఆ పిల్ల చెప్పకపోతే ఇంకా తినేదానివేగా?"

"అవును పెద్దమ్మా."

"ఇప్పుడు మనం వెళుతున్నది ఆ పిల్ల ఇంటికేనా?"

"వాళ్ల ఇంటికే."

ఆమె ఒళ్లో ఉన్న సంచిని తీసి, ముందు సీటులో ఉన్న డ్రైవరు తమ్ముడి చేతికిచ్చి, "నువ్వు తినేయి నాయనా, చద్దిదైపోతుంది" అంది.

చిత్తూరుకు ఇవతలే రోడ్డు నుంచి లోపలికి వెళితే ఆ పల్లె. నా స్నేహితురాలు ఇప్పుడు ఉపాధ్యాయురాలు, ఆ రోజు సెలవు పెట్టింది. వాళ్లమ్మగారు వాకిట్లోకి ఎదురొచ్చి, "రాండక్కా, ఎండన పడి వచ్చినారు" అని పెద్దమ్మ చేయి పట్టుకుని లోపలికి తీసుకెళ్లారు. మేము తింటామని వారికి మాట ఇవ్వలేదు. అయినా ఆమె ఏమేమి చేసి ఉంచారో చూసి నాకు మాట రాలేదు.

ఇంటి వెనుక వేపచెట్టు కింద మూడు రాళ్లతో విడిగా పొయ్యి పెట్టారు. దాని మీద ఎర్రగా కొత్త మట్టి సట్టి. "మొన్న సంతలో తెచ్చినానక్కా. ఒక రాత్రంతా నీళ్లలో నానబెట్టి, గంజి కాచి పారబోసినాను. అది తప్ప ఇందులో ఇంకేమీ కాగలేదు" అన్నారామె. గరిటె కూడా కొత్తదే, కొబ్బరి చిప్పకు కర్ర బిగించినది. సంగటి కెలికే కట్టె మాత్రం పాతది, ఎందుకంటే అది సంగటికి తప్ప మరి దేనికీ వాడరు. నెయ్యి ఇంటి గేదెది. ఊరిబిండిని, అంటే చెనిక్కాయల (వేరుశెనగ) పచ్చడిని, ఆమె రోట్లో నూరారు. మిక్సీ ఉంది కదమ్మా, ఈ శ్రమ ఎందుకని నేను అంటే, "మిక్సీ జారులో కూరకు మసాలా ఆడిస్తాము గదా. మసాలాలో కూర ఉండదు, నిజమే. కానీ కూర కడిగిన చేత్తోనే జారు పట్టుకుంటాను నేను. అందుకని రోట్లో చేసినాను, రోలు మా ఇంట్లో చెనిక్కాయలకే" అన్నారు. ఇన్నేళ్లూ నూనె, పెనం, గరిటె అడుగుతూ వచ్చిన మా పెద్దమ్మకు ఆ జారు సంగతి ఏనాడూ తట్టలేదు. ఆ సూక్ష్మం తెలిసింది మాంసం కడిగే చేతికే.

రాగి సంగటి, వంకాయ పులుసు, చెనిక్కాయల ఊరిబిండి, గడ్డ పెరుగు. అరిటాకుల్లో వడ్డించారు. ఈ సీమలో సంగటి అంటే నాటుకోడి పులుసే జత అని బయటివారు అనుకుంటారు, హోటళ్ల బోర్డులు అలాగే ఉంటాయి. కానీ పల్లె ఇళ్లలో సంగటికి రోజూ తోడుండేది ఈ బిండి, ఈ పులుసు, ఆకుకూరలే. పెద్దమ్మ ముద్దకు గుంట చేసి నెయ్యి వేయించుకుని, మారు అడిగి తిన్నది.

తిన్నాక ఇద్దరూ వేపచెట్టు కింద కూర్చున్నారు. అక్కడ పెద్దమ్మ చెప్పిన సంగతిని నేను ఇక్కడ రాయక తప్పదు, ఎందుకంటే దాన్ని విడిచిపెట్టి ఈ నియమం గురించి మాట్లాడటం న్యాయం కాదు. తన చిన్నతనంలో పొలం పనికి వచ్చినవారు గుమ్మం అవతలే నిలబడేవారనీ, వారికి ఎత్తి నుంచి నీళ్లు పోసేవారనీ, ఎందుకమ్మా అని అడిగితే నీచు తింటారు కనుక అని తన తల్లి చెప్పేదనీ ఆమె చెప్పింది. "మరి శనివారం వాళ్లు తినని రోజున కూడా గుమ్మం లోపలికి రానిచ్చేవాళ్లం కాదు. అంటే మా పట్టింపు కూర మీద కాదు, మనుషుల మీద. అది నాకు చిన్నప్పుడు తెలియలేదు. పెద్దయ్యాక తెలిసినా, ఎవరితోనూ అనలేదు" అంది. స్నేహితురాలి తల్లి వెంటనే సమాధానం చెప్పలేదు. కాసేపటికి, "మా ఇంట్లోనూ కొందరిని అట్లా నిలబెట్టినారక్కా. మా అత్త కాలంలో" అన్నారు.

మాంసంతో కలిసి ఉడికినదాన్ని తిననని చెప్పే హక్కు ప్రతి మనిషికీ ఉంది. ఆ పట్టింపు ఎంత సన్నని నూలు వరకైనా పోవచ్చు, నేను దాన్ని గౌరవిస్తాను, నేనూ పాటిస్తాను. కానీ గిన్నెను గురించి అడిగే ప్రశ్న, గిన్నె పట్టుకున్న చేతిని గురించి అడిగే ప్రశ్న, ఈ రెండూ మన ఇళ్లలో తరతరాలుగా ఒకే గొంతుతో పలికాయి. వాటిని విడదీయడం చాలా ఆలస్యంగా, 74వ ఏట, ఆ చెట్టు కింద మా పెద్దమ్మ చేసింది.

ఆరవ రోజు, మంగళవారం

రాత్రి ఆ ఇంట్లోనే పడుకుని, ఉదయం కాణిపాకం వెళ్లాము. బాహుదా నది ఒడ్డున, బావిలో వెలసిన వరసిద్ధి వినాయకుని దర్శనం త్వరగానే అయింది. ఈ స్వామి ఎదుట అబద్ధపు ప్రమాణం చేయడానికి ఈ ప్రాంతంలో ఎవరూ సాహసించరు. దొంగతనాల తగవులూ, అప్పుల తగవులూ ఇక్కడ ప్రమాణంతో తేలుతాయని వింటూ పెరిగాను. ప్రసాదం తీసుకుంటూ పెద్దమ్మ, మొదటి రోజు "ఒకటే పెనమమ్మా" అని చెప్పిన ఆ అబ్బాయిని గుర్తుచేసుకుంది. తిరుపతిలో రైలు ఎక్కే ముందు ఆ భోజనశాలకు వెళ్లి, అతనికి ఒక అరటిపండ్ల అత్తం ఇచ్చి వచ్చింది. అక్కడ ఏమీ తినలేదు.

ఇంటికి చేరిన తరువాత డాక్టరుగారు గొట్టం మందును బిళ్లగా మార్చి రాశారు.

పెరటాసి వెళ్లిన వారానికి చిత్తూరు నుంచి ఫోను వచ్చింది. నా స్నేహితురాలి తల్లి పెద్దమ్మతోనే మాట్లాడాలన్నారు. నేను ఫోనును గట్టిగా వినిపించేలా పెట్టాను. అటకమీది సామాను దించామనీ, ఇంట్లో మళ్లీ కూర వండుతున్నామనీ, కొత్త సట్టిని మాత్రం శుభ్రంగా కడిగి, మూతికి తెల్లగుడ్డ కట్టి అటక ఎక్కించాననీ ఆమె చెప్పారు. "మళ్లీ మీరొచ్చిందాకా దాన్ని ముట్టనక్కా."

"అట్లా ఖాళీగా పెట్టకు చెల్లెమ్మా," అంది పెద్దమ్మ. "మట్టిది, వాడకపోతే పగులుతుంది. శనివారాలు మీరు పప్పు చేసుకోండి అందులో."

"శనివారం పప్పేనక్కా మాకు," అన్నారామె.